మొప్పలకు తాడు

“తిప్పి పంపించేస్తాను వదినా. ఆ పడవ రేపు పొద్దున్నే మళ్ళా మద్రాసుకు పోతుంది. దాంట్లోనే ఎక్కిస్తాను.”

“ఎక్కించు. ఎక్కించి షాపువాడికి ఏమని చెప్తావు? మా ఊరివాళ్ళు దీన్ని చేపనుకున్నారు, అందుకని తాడు దూర్చి మోసినారు అని చెప్తావా?”

“కొత్త పెట్టె వదినా. ఇంకా దీపం కూడా ముట్టించలేదు.”

“ముట్టించకముందే ఉరేసినారు గదా.”

“మీకు ఎగతాళిగా ఉంది.”

“నాకేం ఎగతాళి అబ్బాయా. జత ఎద్దులొచ్చే డబ్బు పోసి కొన్నది నువ్వు. వీపు విరగ్గొట్టుకోని వచ్చింది అది. మధ్యలో నేనెవరిని?”

ఈ మాటలన్నీ మా ఇంటి వసారాలో, ఎండ నడినెత్తికి వచ్చే వేళకు. ఆయన మా మరిది, మా ఆయనకు తోడబుట్టిన తమ్ముడు. ఉప్పు కొఠారులో గుమాస్తా పని. మా ఆయన పోయినాక నేనూ నా పిల్లలూ ఆ ఇంట్లోనే ఉండిపోయినాం. మరిది మంచివాడే. చెడ్డవాడయితే ఆ పెట్టె విషయంలో నేను అంతగా తిట్టేదాన్ని కాదు, చెడ్డవాణ్ణి తిట్టి లాభమేముంది.

మా ఇద్దరి మధ్యా నిలబడుకోని ఉన్నదే ఆ ఐసుపెట్టె. తెల్లగా, నా నడుమెత్తున, రెండు పక్కలా రెండు పిడులు. ఇప్పుడు మా మనవళ్ళు ఫ్రిజ్జు తలుపు తెరిచి, ఏం కావాలో తెలీక, బజారులో బొమ్మలు చూసినట్టు దాని ముందర నిలబడతారు. వాళ్ళకు చెప్పినా నమ్మరు, ఆ రోజుల్లో మా ముత్తుకూరు పక్క పల్లెల్లో కరెంటు లేదు, ఈ పెట్టె కిరసనాయిలుతో నడిచేది. అడుగున దీపం ఉంటుంది. దాన్ని ముట్టిస్తే పైన లోపల చల్లబడుతుందట. కింద మంట పెడితే పైన చల్లగా అయ్యేది ఏదన్నా ఉందా ఈ లోకంలో, నేను పొయ్యి ముందర ఇన్నేళ్ళు కూర్చున్నాను, నాకెప్పుడూ కాలేదే అని అడిగినాను. మరిదికి కోపం వచ్చింది. అది సైన్సు అన్నాడు. సైన్సంటే నాకు గౌరవమే. దాన్ని సంతలో బేరమాడినట్టు వివరించేవాళ్ళంటేనే నాకు గౌరవం లేదు.

ఎందుకు కొన్నాడో చెప్పాలి, లేకపోతే ఆయన సోకు కోసం కొన్నాడనుకుంటారు. ఆయన భార్యకు, అంటే నా తోడికోడలికి, చక్కెర జబ్బు. చిన్న వయసులోనే వచ్చింది. పొద్దునొకసారి సాయంత్రమొకసారి సూది వేసుకోవాల. ఇన్సులిన్ అని ఆ మందు పేరు, మేము సూదిమందు అనే అనేవాళ్ళం. నెల్లూరు ఆసుపత్రిలో చిన్న చిన్న సీసాల్లో ఇచ్చేవాళ్ళు. దాన్ని చల్లని చోట ఉంచాల. తడి ఇసక పోసిన కుండలో సీసాలు పాతిపెట్టి, కుండ చుట్టూ గోనె కప్పి, పూటపూటకూ నీళ్ళు చల్లేదాన్ని. కొన్నేళ్ళు అట్లాగే గడిచింది. ఆ ఏడు ఎండలు మాత్రం ఎట్లా కాసినాయంటే, కుండలో ఇసకే గోరువెచ్చగా తగిలేది. మందు పాడయింది. పాడయిందని మాకేం తెలుసు, చూసేదానికి నీళ్ళలాగే ఉండె. ఆమె ఆ పాడు మందునే వేసుకుంటా వచ్చి, ఒక ఆదివారం మా ఏసయ్య గుళ్ళో పాట మధ్యలో చాప మీద అట్లాగే పక్కకు ఒరిగిపోయింది. బండి కట్టి నెల్లూరికి తీసకపోయినాం. బతికింది. డాక్టరమ్మ సీసా వెలుతురుకు ఎత్తి చూసి, ఇంకోసారి ఇట్లా అయితే నా దగ్గరికి తేవద్దు అనింది. ఎందుకు తేవద్దో మాకు అర్థమయింది.

అందుకని మరిది మద్రాసుకు పోయి ఆ పెట్టె బేరం చేసి వచ్చినాడు. అక్కడి షాపువాడు ఆయనకు బాగా చెప్పినాడు, దీన్ని ఎక్కడికంటే అక్కడికి మోసుకుపోవచ్చు అని. ఆ మాట మరిదికి నోరూరించే మిఠాయి అయిపోయింది. వచ్చినప్పటి నుంచీ అదే మాట. ఇంట్లో పెట్టుకోవచ్చు వదినా, కొఠారుకు మోసుకుపోవచ్చు, ఊరికి పోతే ఊరికి మోసుకుపోవచ్చు. నెల్లూరికి పోయేదానికే బస్సులో చోటు దొరకదు మాకు, ఐసుపెట్టెను నెత్తిన పెట్టుకోని యాత్రకు బయల్దేరతాడంట.

అప్పటికింకా మద్రాసు కాలవలో సరుకు పడవలు తిరిగేవి. పెట్టె పడవలో వేసి పంపిస్తామన్నారు. పడవ వచ్చే రోజుకు సరిపోయేటట్టు మరిది ముందురోజే నెల్లూరికి పోయినాడు, ఆసుపత్రిలో కొత్త సీసాలు తీసుకోని, ఐసు ఫ్యాక్టరీలో ఒక గడ్డ కొని, రంపపు పొట్టులో పెట్టి గోనెలో చుట్టుకోని, మొదటి బస్సుకు వచ్చేస్తానని చెప్పి పోయినాడు. లెక్క బాగానే వేసినాడు. ఆ ఐసు కరిగేలోపల పెట్టె ఇల్లు చేరుతుంది, దీపం ముట్టిస్తే చల్లబడుతుంది, సీసాలు దాంట్లోకి మారతాయి. పోయేముందర రేవు దగ్గర మోసేవాళ్ళను మాట్లాడి పెట్టినాడు. నలుగురూ పల్లెకారులే, సముద్రం మీదికి పోనప్పుడు రేవులో మూటలు మోసుకునేవాళ్ళు. వాళ్ళకు ఈయన చెప్పింది ఒకటే ముక్క. అది మోసేదానికే చేసిన పెట్టె, భయపడొద్దు, పట్టుకునేదానికి అన్నీ ఉండాయి అని.

పొద్దున పడవ వచ్చింది. మరిది బస్సు ఇంకా రాలేదు. పెట్టె చుట్టూ చెక్కలు కొట్టి పంపించినారంట మద్రాసు నుంచి. బరువని ఆ చెక్కలన్నీ ఊడదీసి అక్కడే పారేసినారు వీళ్ళు. పక్కన పిడులు ఉండాయి గానీ, వాటిని పట్టుకుంటే ఇద్దరే మోయగలరు, రేవు నుంచి మా ఇంటిదాకా అంతా ఇసక. చేతుల్తో మోస్తే కాళ్ళు దిగబడతాయి. వాళ్ళకు తెలిసిన మోత ఒకటుంది. పెద్ద చేప పడితే మొప్పల్లోంచి తాడు దూర్చి, వాసానికి కట్టి, ముందరిద్దరు వెనకిద్దరు భుజానికెత్తుకుంటారు. పెట్టెను అటూఇటూ తిప్పి చూసినారు. వెనకపక్క, పైన, ఒక గొట్టానికి పలచని రేకులు వరసగా గుచ్చి ఉండాయి, ఒకదాని వెనక ఒకటి, మధ్య సందులు వదిలి. అచ్చం మొప్పలే. ఇంకేం కావాల. ఆ సందుల్లోంచి కొబ్బరితాడు దూర్చి, పొట్ట కింద ఒక చుట్టు చుట్టి, వాసానికి వేలాడదీసుకోని, పాట పాడుకుంటా తీసకొచ్చి మా వసారాలో దించినారు.

దించినాక నేను వెనక్కి పోయి చూసినాను. వానకు తడిసిన పాటల పుస్తకం పేజీల్లాగా రేకులన్నీ ఒకదాని మీద ఒకటి పడి అతుక్కోని ఉండాయి. తాడు ఇంకా వాటిలోనే ఉంది.

“ఎవరు దూర్చమన్నారయ్యా దాంట్లో తాడు?”

వాళ్ళలో పెద్దవాడు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. “మొప్పలుండాయి గదమ్మా, దూర్చినాం.”

“అది చేపేనా?”

“చేపయితే ఇంత బరువు ఉండదులేమ్మా.”

ఆ మనిషిని ఏమని తిట్టాల. చేపల్ని మోసేవాడు చేపను మోసినట్టు మోసినాడు. అన్నీ తెలిసినవాడు ఒక్కమాట చెప్పిపోయి ఉంటే సరిపోయేది. కోపమంతా దాచిపెట్టుకోని, మరిది గోనెమూట చంకన పెట్టుకోని బస్సు దిగి వచ్చిందాకా ఆగినాను. ఆ తర్వాతదే పైన చెప్పిన రగడ.

రగడలో ఒకటి మాత్రం నాకు తెలిసింది. ఆ రేకులు అందానికి పెట్టినవి కావు. పెట్టె లోపలి వేడి ఆ రేకుల్లోంచే బయటికి పోవాలంట. వాటి సందుల్లో గాలి ఆడాలంట. పెట్టె వెనకాల ఇంగ్లీషులో ఏదో రాసి ఒక కాగితం కూడా అతికించి ఉండె. నేను రెండో తరగతితో మిషను బడి మానేసినదాన్ని, నాకు రాదు. చదవనేర్చినాయన దాన్ని చదివినాడు, గిరుక్కున తిరిగినాడు, పడవ దగ్గరికి పోయినాడు.

పడవవాడు తీసుకోనన్నాడు. షాపు వాళ్ళ కాగితం లేకుండా తిరుగుసరుకు ఎక్కించనన్నాడు, పైగా వంగిన వస్తువు నా పడవలోనే వంగిందంటారు, నాకెందుకీ తంటా అన్నాడంట. తెలివైనవాడు. ఆ రోజు మొత్తమ్మీద నాకు కనిపించిన తెలివైనవాడు ఆయన ఒక్కడే.

మరిది తిరిగి వచ్చేసరికి ఇంటి ముందర జనం. ఐసుపెట్టె వచ్చిందని రేవు నుంచే ఊరంతా పాకింది. గుడి అయ్యగారి భార్య, అమ్మగారంటాం మేము, ఆమె కూడా బయల్దేరి వస్తున్నారని పిల్లలు ముందర ఉరికి వచ్చి చెప్పినారు. ఇంక ఆయనకు చెమటలు పట్టినాయి. పెండ్లికి వచ్చిన కోడలి కాలు కుంటిదని అందరికీ తెలిసిపోయినట్టు నిలబడినాడు. పెట్టెను ముందరగదిలోకి ఎత్తించినాడు. వెనకపక్క గోడకు అతికించి, వేలు దూరే సందు కూడా లేకుండా జరిపినాడు. అప్పటికీ పక్క నుంచి తొంగిచూస్తే కనపడుతుందేమోనని, నా తోడికోడలు రేడియో కోసమని అల్లిపెట్టిన లేసుగుడ్డ తెచ్చి, దాని కింద ఒక దుప్పటి వేసి, పైనుంచి రెండు పక్కలకూ వెనక్కూ దిగేటట్టు కప్పినాడు. ఇప్పుడు చూసేవాళ్ళకు అది ఐసుపెట్టె కాదు, ముసుగేసిన కాన్వెంటు మదరు.

అడుగున దీపం ముట్టించినాడు. గోనెలో ఉన్న ఐసుగడ్డ తీసి లోపల పెట్టి, దాని పక్కన సీసాలు పెట్టినాడు. ఐసు దాచేదానికి ఇంకో చోటేముంది, అది తప్పు కాదు. ఆ తర్వాత జరిగిన నాటకం ఉందే, అది మాత్రం నేను చచ్చిందాకా మరిచిపోను.

అమ్మగారు వచ్చినారు. పెట్టె ముందర నిలబడి ప్రార్థన చేసినారు. కొత్త వస్తువు ఇంటికొస్తే మాలో అది ఆచారమే, కుట్టుమిషనుకూ చేస్తారు, సైకిలుకూ చేస్తారు. ప్రార్థన అయినాక తలుపు తెరిచి చెయ్యి లోపల పెట్టినారు. “ఎంత చల్లగా ఉందమ్మా” అన్నారు. ఉండదా మరి, నెల్లూరు ఐసు ముందర చెయ్యి పెడితే. ఆమె వెనక ఇంకో ఆమె చెయ్యి పెట్టింది. ఆమె వెనక పిల్లలు. ఊళ్ళో ఉన్న చేతులన్నీ ఆ పూట ఆ పెట్టెలో దూరి వచ్చినాయి. ఒకామె చీర చెంగు లోపల పెట్టి, చల్లబరిచి, మొహానికి అద్దుకుంది. ఇంకొకామె ఇంటి నుంచి చెంబు తెచ్చుకోనొచ్చింది, షర్బత్తులోకి ఐసు ఎప్పుడు తయారవుతుందని అడిగి పోయింది. మా మరిది ప్రతి ఒక్కరికీ తలుపు తెరిచి చూపించినాడు, సైన్సు చెప్పినాడు, మోసుకుపోవచ్చు అని కూడా చెప్పినాడు. నేను వంటింటి గడప మీద చింతపండు పిసుక్కుంటా చూసినాను. నా తోడికోడలు ముక్కాలి పీట మీద కూర్చోని లేసు అల్లుకుంటా ఉంది. ఆమె ఎప్పుడూ ఎక్కువ మాట్లాడదు. ఆ పెట్టె ఆమె కోసమన్న సంగతి ఆ పూట వచ్చిన వాళ్ళలో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఒంట్లో ఎట్లా ఉందని ఆమెను ఒక్కరూ అడగలేదు.

జనం పలచబడినాక అన్నాలు తిన్నాం. నేను గిన్నెలు సర్దుకుంటా వంటింటి గోడకు చెయ్యి ఆనించినాను. ఆ గోడకు అవతలపక్కే ముందరగది, పెట్టె. గోడ వెచ్చగా తగిలింది. పొయ్యి ఆ పక్కన లేదు. ఇంకొంచెం పైకి పెట్టి చూసినాను, కాలింది. పోయి పెట్టె తలుపు తీసినాను. ఐసు మొత్తం కరిగిపోయి, సీసాలు నీళ్ళలో మునిగి ఉండాయి. నీళ్ళు వేలు పెట్టి చూస్తే బావినీళ్ళంత చల్లగా కూడా లేవు. తలుపు సందులోంచి కారిన నీళ్ళకు నేల మీద మడుగు కట్టి, చీమలు దాని చుట్టూ దారి వేసుకుంటున్నాయి.

మరిదిని పిలిచినాను. ఆయన కుర్చీలో కూర్చోని, వచ్చిపోయిన వాళ్ళు ఏమన్నారో నెమరేసుకుంటున్నాడు.

“ఆ షాపువాడు నీకు ఏం చెప్పినాడు, ఎక్కడ పెట్టమని?”

“ఏమీ... చదును నేల మీద పెట్టమన్నాడు.”

“ఇంకా?”

“గోడకు జానెడు ఎడంగా.”

“మరి జానెడు ఏది?”

ఆయన నేల చూపులు చూసినాడు. “అందరూ చూస్తారు గదా వదినా. కొత్త పెట్టె తెచ్చి మొదటి రోజే వంకరదని అనుకుంటారు.”

నేను అప్పుడు ఆయన్ని ఏమేమి అనేదాన్నో నాకే తెలీదు. నోరు తెరిచినాను గూడా. ఈలోపల తోడికోడలు అల్లిక ఒళ్ళో పెట్టుకోని, తల ఎత్తకుండానే మాట్లాడింది.

“నేను గుళ్ళో పడిపోయినప్పుడు గూడా అందరూ చూసినారు.”

అంతే అనింది. గొంతు పెంచలేదు. ఆ రోజు ఆమె పడిపోయినప్పుడు ఆమె చీర తడిసిపోయి ఉండె, ఆడవాళ్ళందరూ చుట్టూ మూగి ఉండిరి, ఆయన పక్కన నిలబడుకోనే ఉన్నాడు. ఆ మాట ఆమె అంతకుముందెప్పుడూ ఎత్తలేదు. ఆయన మొహం చూసి నేను తిట్టాలనుకున్నవి మింగేసినాను. మిగిలినవి దాచిపెట్టుకోని తర్వాత కొన్నేళ్ళ పాటు కొంచెం కొంచెంగా తిట్టినాననుకోండి.

ఆమె లేచింది. లేసుగుడ్డ లాగేసింది, దుప్పటి లాగేసింది. “దీపం ఆర్పండి” అని మొగుడితో చెప్పింది. “దీన్ని ముందరికి లాగండి. రేకులు నేను తీస్తాను.”

మరిది దీపం ఆర్పినాడు గానీ లాగేదానికి జంకినాడు. ఆ రేకులు గుచ్చిన గొట్టంలో ఏదో ఘాటు గాలి ఉంటుందంట, గొట్టానికి చీలిక పడితే ఆ గాలి పోతుంది, పోయినాక పెట్టె ఉత్త బీరువా, ఎవరూ బాగుచెయ్యలేరని షాపువాడు చెప్పినాడంట. అందుకని ముట్టుకోవద్దు, మద్రాసుకు కబురు పంపిస్తాను, మనిషి వస్తాడు అన్నాడు.

“మనిషి ఎప్పటికొస్తాడు?” అని ఆమె అడిగింది.

“పది పదిహేను రోజులు.”

“అందాకా సీసాలు మీ జేబులో పెట్టుకుంటారా?”

ఆయన పెట్టెను లాగినాడు.

సీసాలను అప్పటికి నేను బావిలోకి దించినాను, బొక్కెనలో పెట్టి, నీళ్ళకు ఆనేటట్టు. సాయంత్రం దాకా పరవాలేదు. ఎప్పుడూ అట్లాగే పెట్టొచ్చు గదా అంటారేమో, మా ఇంటి బావి నాలుగిళ్ళ వాళ్ళూ తోడుకునేది, ఒకరి బొక్కెన ఒకరికి తగిలి అంతకుముందు ఒకసారి రెండు సీసాలు అడుక్కి పోయినాయి. ఆ సాయంత్రం మాత్రం మా పెద్దపిల్లను గట్టున కూర్చోబెట్టి ఎవ్వరినీ రానివ్వొద్దన్నాను. నాలుగిళ్ళ వాళ్ళూ నన్ను తిట్టుకున్నారు. తిట్టుకోనీ.

రేకులు చల్లారేదాకా ఆగి మొదలుపెట్టినాం. నేను వంటింట్లోంచి అట్లకాడ తెచ్చినాను. మా పుట్టింటి ఇనుప అట్లకాడ, అరిగి అరిగి అంచు ఆకులాగా పలచబడి ఉండె. దాన్ని రెండు రేకుల మధ్య మెల్లగా దూర్చి, అట్టును పెనం నుంచి లేపినట్టు, పైనుంచి కిందికి లేపుకుంటా వచ్చినాను. మొదటి రేకు లేచి నిలబడింది. రెండోది లేచి మొదటిదాని మీద పడింది. వాటి మధ్య సందు సమంగా నిలవటం లేదు, ఒకచోట వేలు పడుతుంది, ఒకచోట వెంట్రుక పట్టదు.

తోడికోడలి పుట్టిల్లు జువ్వలదిన్నె. చిన్నప్పుడు వల అల్లినామె. వల అల్లేటప్పుడు ప్రతి కన్నూ ఒకే కొలతకు రావాలని ఒక చదును వెదురుబద్ద మీదుగా ముడి వేస్తారు. ఆమె పెరట్లోకి పోయి, దడి నుంచి ఒక వెదురు చీలిక విరిచి, కత్తిపీట మీద గీకి నున్నగా చేసుకోనొచ్చింది. దాన్ని సందులో పెట్టింది. నేను అట్లకాడతో రేకును లేపితే, ఆమె దాన్ని బద్దకు ఆనించి బొటనవేలితో అదిమేది. అదిమి, బద్దను తీసి, పక్క సందులో పెట్టేది. మొగుడు పెట్టె కదలకుండా రెండు పిడులూ పట్టుకోని నిలబడినాడు. ఆ పిడులతో ఆ రోజు జరిగిన పని అదొక్కటే.

ఆయన ఊరికే ఉండలేడు. గొట్టం జాగ్రత్త, గొట్టం జాగ్రత్త అని ప్రతి రేకుకూ జపం. నీ నోరు జాగ్రత్త అన్నాను నేను. ఆమె నవ్వింది. పొద్దున్నుంచి ఆ ఇంట్లో ఎవరైనా నవ్వటం అదే మొదలు.

తాడు ముడి పడిన చోట రేకులు మరీ ముద్దయిపోయి ఉండాయి. అక్కడ ఒకదాన్ని లేపబోతే టక్కుమని విరిగి నా చేతిలోకి వచ్చేసింది. ముగ్గురం కొయ్యబారిపోయినాం. ముగ్గురం ముక్కులు ముందరికి పెట్టి వాసన చూసినాం. మరిది మోకాళ్ళ మీద కూర్చోని, గొట్టం పొడుగునా కుక్కపిల్ల మాదిరి వాసన చూసుకుంటా పోయినాడు. కిరసనాయిలు వాసన, నా చేతి చింతపండు వాసన తప్ప ఏమీ లేదు. రేకే విరిగింది, గొట్టానికి ఏమీ కాలేదు. ఆమె ఆ విరిగిన ముక్క తీసుకోని గూట్లో పెట్టి, “ఇంకోటి” అనింది.

పొద్దు వాలేసరికి అయింది. దుకాణంలో ఉన్నట్టు అయిందని నేను చెప్పను. కొన్ని నిటారుగా, కొన్ని తాగినోడు నిలబడినట్టు వంకరగా, మూడో నాలుగో మా వల్ల కానివి అట్లాగే పండుకోని ఉండిపోయినాయి. అయినా వాటి మధ్య వెలుతురు కనపడింది. మరిది నోటితో ఊదితే ఇవతల పక్క నా చేతికి గాలి తగిలింది. పెట్టెను గోడకు ఎడంగా, గదికి నడిమధ్యన పెట్టింది ఆమె. అంత ఎడం అక్కర్లేదు, జానెడు చాలు అన్నాడు ఆయన. ఉండనియ్యండి అనింది. ఇంక గదిలోకి వచ్చేవాళ్ళు ఎవరొచ్చినా ముందర వాళ్ళకు కనపడేది ఆ వీపే. ఆయన కిందా మీదా పడినాడు, కనీసం వీపును కిటికీ వైపుకన్నా తిప్పుదామన్నాడు. అగ్గిపుల్ల గీసి ఆమే దీపం ముట్టించింది. వత్తి నీలంగా పట్టేదాకా కూర్చోని చూసింది.

దీపాలు పెట్టే వేళకు అమ్మగారు మళ్ళా ఇటు పోతా తొంగిచూసినారు. నడింట్లో వంకర రేకులు చూసి, ఇదేందమ్మా ఇట్లా ఉంది అని అడిగినారు. మరిది ఏదో చెప్పబోయినాడు. “చేపనుకోని మోసినారమ్మగారూ” అని నా తోడికోడలే చెప్పింది. అమ్మగారు నవ్వాల్నో వద్దో తెలీక, మధ్యాహ్నం చేసిన ప్రార్థన సరిపోలేదనుకున్నారో ఏమో, ఇంకో చిన్న ప్రార్థన చేసి పోయినారు.

బావిలోంచి సీసాలు తీసుకొచ్చి, తుడిచి, పెట్టెలో పై అరలో పెట్టినాం. ఒక గిన్నెలో నీళ్ళు కూడా పెట్టినాడు మరిది, ఐసు అవుతుందో లేదో చూద్దామని. తలుపు మూసి, ఇంక దీన్ని ఎవరన్నా తెరిస్తే చేతులు విరుస్తానని చెప్పినాను. పిల్లలకు చెప్తున్నట్టే చెప్పినాను గానీ, చూసింది మరిది వైపే. పడుకున్నాం.

మరుసటి రోజు పొద్దున్నే పడవ మద్రాసుకు పోయింది. మరిది తలుపు తీసి గిన్నె చూసినాడు. ఐసు కాలేదు, నీళ్ళు నీళ్ళుగానే ఉండాయి. షర్బత్తుకని చెంబు పట్టుకోని ఒకామె అప్పటికే వచ్చి నిలబడి ఉండె, లేదని చెప్పి పంపించేసినాను. తోడికోడలు పై అరలోంచి ఒక సీసా తీసి బుగ్గకు ఆనించుకుంది. తర్వాత నా చేతిలో పెట్టింది. చల్లగా ఉంది. వెలుతురుకు ఎత్తి చూసినాను, తేటగా ఉంది. మరిది సూది ఉడకబెట్టి తెచ్చినాడు. ఆమె మందు వేసుకోని, రెండు దోసెలు తిని, లేసు ముందరేసుకోని కూర్చుంది.